వంటయింటిలో విద్యుచ్ఛక్తి



నేటి నా ప్రసంగమునకు విషయము పట్టణపు వంటయిల్లు. “మేము పల్లెవారము. పట్టణమువారు ఏ పొయ్యిమీద వండుకొన్న మాకేమి?” అని మీలో కొందరికి తోపవచ్చును. దానికి సమాధానము మొదటనే చెప్పెదను. నేడు తెలంగాణమునందలి గ్రామములలో, చదువుకొన్న బిడ్డ యుండి, ఆ బిడ్డ సర్కారు కొలువునకై పరీక్షలు వ్రాయుచుండిన యింటివారికి హైదరాబాదులోని అశోక్‌నగరు పేరు తెలియకపోదు. పొలముమీద అప్పు తెచ్చియో, పాడి అమ్మియో మీరు నెలనెలా పంపు సొమ్ము ఆ పేటలో ఒక గదికి అద్దెగను, ఒక మెస్సులో రెండు పూటల భోజనమునకు రుసుముగను మారుచున్నది. ఆ గది గోడలలోని తీగెలు ఎట్టివి? ఆ మెస్సులోని పొయ్యి దేనితో మండుచున్నది? ఈ ప్రశ్నలు పట్టణమువారివి మాత్రమే కావు, మీ యింటివి కూడ.

ఇండ్లలోను, హోటళ్లలోను, కార్యాలయములలోను బొగ్గు, కిరసనాయిలు, డీజిలు, గ్యాసు మొదలైన భూగర్భపు ఇంధనములను మానిపించి, వాని స్థానమున విద్యుత్తును ప్రవేశపెట్టవలెనని నేడు పెక్కు దేశముల ప్రభుత్వములు యోచించుచున్నవి. కొన్ని శాసనములు చేసినవి. కొన్ని చేసి వెనుకకు తీసికొన్నవి. మన ప్రభుత్వము ఏమి చేసినది, ఏమి చేయవలసియున్నది అను సంగతిని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు అను మూడు పేటలను దృష్టియందుంచుకొని విచారింతము.

ఈ మార్పు మనకు క్రొత్త కాదు. హైదరాబాదున హుస్సేన్‌సాగరు గట్టుచెంత 1920వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము బొగ్గుతో నడిచెడి విద్యుత్కేంద్రమును నెలకొల్పినది. ఆ సంవత్సరమే సింగరేణి బొగ్గు గనుల కంపెనీ కూడ ఆ పేరున రిజిష్టరు చేయబడినది. విద్యుత్కేంద్రమునకు చిక్కడపల్లి ఎంతో దూరము లేదు. ఆ కేంద్రము నేడు లేదు. దాని పొగగొట్టములను చూచిన వృద్ధులు మాత్రము ఇంకను ఉన్నారు. తొలుత కరెంటు దీపమునకు వచ్చినది. పిమ్మట పంకాకు వచ్చినది. ఆ తరువాత నీళ్లు తోడు మోటారునకు, పిండి రుబ్బు యంత్రమునకు వచ్చినది. స్నానపు నీళ్లకు పూర్వము ఈ పేటలలో రాగి బాయిలరులుండెడివి. వాని కడుపులో బొగ్గో, రంపపు పొట్టో వేసి తెల్లవారుజామున రాజబెట్టెడివారు. నేడు వాని స్థానమున గోడకు గీజరు వ్రేలాడుచున్నది. ఈ మార్పులను ఏ శాసనమును నిర్బంధింపలేదు. సౌకర్యమును చూచి జనులే మారిరి.

పొయ్యి కథ వేరు. కట్టెనుండి కిరసనాయిలునకు, కిరసనాయిలునుండి గ్యాసునకు మారుటలో ప్రభుత్వపు చేయి అడుగడుగునను కనబడును. మన దేశమున వంటగ్యాసు 1955లో బొంబాయియందు మొదలైనది. పది సంవత్సరములకు, 1965లో, ప్రభుత్వరంగమువారి గ్యాసు కలకత్తాలో ఇండ్లకు చేరినది. చిరకాలము అది కలిగినవారి వస్తువుగానే యుండెను. కనెక్షను కొరకు సంవత్సరములు వేచియుండవలసి వచ్చెడిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో దీపము పథకము వచ్చినది. మహిళాసంఘములలోని పేదరాండ్రకు కనెక్షను ఖర్చును ప్రభుత్వము భరించినది. దేశమంతటికిని 2016 మే నెలలో ఉజ్జ్వల పథకము వచ్చినది. తల్లుల కన్నులు, రొమ్ములు పొగనుండి కొంత తేరుకొన్నవి. ఇండ్లలోని పొగ మూలమున 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము నొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు లెక్కగట్టిరి. కావున గ్యాసును నిందించుటకు ముందు దానికి మనము ఋణపడియున్నామని ఒప్పుకొనవలెను.

అట్లయిన గ్యాసును ఏల విడువవలెను? మన దేశము వాడుచున్న వంటగ్యాసులో నూటికి సుమారు అరువది వంతులు పరదేశమునుండి వచ్చుచున్నది. అందును అధికభాగము అరబ్బు దేశములనుండి, హోర్ముజ్ అను ఇరుకైన జలసంధి దాటి ఓడలమీద వచ్చును. అచ్చట యుద్ధమేఘము కమ్మిన యెడల ఇచ్చట చిక్కడపల్లిలోని యిల్లాలికి పొయ్యి వెలుగునో వెలుగదో అను దిగులు పుట్టును. ఇంటి నిప్పు పరదేశి చేతిలో నుండుట క్షేమము కాదు. ఇది మొదటి కారణము. భూమి వేడెక్కుట రెండవది. గ్యాసును కాల్చిన బొగ్గుపులుసు వాయువు పుట్టును, అది ఆకాశమున పేరుకొని ఋతువుల క్రమమును చెడగొట్టుచున్నది. ఋతువు తప్పిన వానను మీకంటె బాగుగ నెరిగినవారు లేరు.

ఇక ఆ పేటలలోనికి పోదము. 2020 ఫిబ్రవరి 7వ తేదీన జూబిలీ బస్సు స్టేషనునుండి మహాత్మాగాంధి బస్సు స్టేషను వరకు మెట్రో రైలు దారి తెరువబడినది. బిడ్డను చూడవచ్చిన పల్లెవారు ఏ బస్సు స్టేషనులో దిగినను ఈ రైలెక్కి ఆర్టీసీ చౌరస్తా, చిక్కడపల్లి, నారాయణగూడ చేరవచ్చును. ఆ రైలు నూటికి నూరుపాళ్లు విద్యుత్తుతో నడుచును. పైన కంబములమీద పొగలేని రైలు పోవుచుండును. క్రిందికి చూచిన యెడల హోటలు ముంగిట గ్యాసు బండల వరుస, దుకాణము ప్రక్క కాలిబాటమీద డీజిలు జనరేటరు, దాని గొట్టమునుండి నల్లని పొగ. ఒకే వీధిలో రెండు కాలములు ఒకదానిపై నొకటి నిలిచియున్నవి.

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. ఉదయము తలుపు తీయకముందే ద్వారము కడ పిల్లలు పుస్తకపు సంచులతో నిలిచియుందురు. త్యాగరాయ గానసభయు ఈ పేటలోనిదే. చౌరస్తా వైపున సినిమాహాళ్లు, బిరియానీ హోటళ్లు, చాయి దుకాణములు. హోటలులో పొయ్యి తెల్లవారుజామున నాలుగు గంటలకు వెలిగిన అర్ధరాత్రి వరకు ఆరదు. కొన్నింట గ్యాసు, కొన్నింట దమ్మునకును కబాబులకును బొగ్గు. ఆ పొయ్యి యెదుట నిలిచియుండు వంటవానికి ఎండకాలమున కలుగు తాపము చూచినగాని తెలియదు.

నారాయణగూడలో పాతకాలపు పెంకుటిండ్లు, దొడ్డిగల బంగళాలు కూలి, వాని స్థానమున అయిదంతస్తుల అపార్టుమెంట్లు లేచినవి. ప్రతి మేడకును లిఫ్టు, నీళ్ల మోటారు, కరెంటు పోయినప్పుడు వానిని నడుపుటకు ఒక డీజిలు జనరేటరు. మేడపైని కప్పు అందరిది, కావున ఎవ్వరిదియు కాదు. దానిమీద విరిగిన కుర్చీలు, ఎండిన పూలకుండీలు పడియుండును. ఏడాదిలో ఎన్నియో దినములు మండు సూర్యుడు ఆ కప్పుమీద వృథాగా కాయుచున్నాడు.

అశోక్‌నగరు మీ బిడ్డలున్న చోటు. ఒక యింటిని అయిదారు గదులుగను, ఒక గదిని రెండుగను కొయ్యపలకలతో చీల్చి అద్దెకిచ్చుట ఇచ్చట సాధారణము. పూర్వమొక కుటుంబమునకు సరిపోవునట్లు వేసిన తీగెలమీద నేడు పదిమంది దీపములు, పంకాలు, చరవాణి యంత్రములు వ్రేలాడుచున్నవి. మెస్సు ఖర్చు తట్టుకొనలేని పిల్లవాడు రాత్రి తలుపు వేసికొని చిన్న కాయిలు పొయ్యిమీద అన్నము వండుకొనును. యజమాని చూచిన తిట్టును. చూడకుండిన తీగె కాలును. మెస్సులో ఇరుకైన వంటగదియందు మూడు నాలుగు పెద్ద బండలుండును. లోనికి పోవుటకును వెలికి వచ్చుటకును ఒకే మెట్లదారి. ఈ స్థితిని ఎరిగినవారు “పొయ్యిని కరెంటునకు మార్చుడు” అని ఊరక ఉపదేశింపరాదు.

ఏలయనగా, విద్యుత్తు పొగలేనిదే గాని అపాయము లేనిది కాదు. 2023 మార్చిలో సికిందరాబాదునందలి స్వప్నలోక్ భవనమున నిప్పంటుకొని ఆరుగురు యువతీయువకులు మరణించిరి. 2025 మే 18వ తేదీన చార్మినారు చెంత గుల్జారుహౌజులో ఒక పాత ఇల్లు కాలి పసిబిడ్డలతో కూడ 17 మంది ప్రాణములు కోలుపోయిరి. ఈ రెంటికిని తీగెల లోపమే కారణమని అధికారులు తొలుతనే తెలిపిరి. వంట కొరకై వాడు ఇండక్షన్ పొయ్యి రెండువేల వాట్ల వరకు కరెంటును లాగును. అనగా పాత యింటిలోని దీపములు, పంకాలు అన్నియు కలిపిన దానికంటె ఈ ఒక్క పొయ్యి అధికము. దానికి గట్టి తీగె, 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తు ఉండవలెను. అవి లేనిచోట ఆ పొయ్యి పెట్టుట ఎండుగడ్డి పందిరిలో దీపము పెట్టుటయే.

ఇంతవరకు ప్రభుత్వము చేసినదేమి? కేంద్రప్రభుత్వము 2001లో శక్తి పరిరక్షణ శాసనమును చేసి, 2007లో పెద్ద వ్యాపారభవనములకు నిర్మాణ నియమావళిని ప్రకటించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2014 జనవరిలో దానిని స్వీకరించినది. నివాసగృహములకు 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చినది. 2022లో ఆ శాసనమును సవరించి, నూరు కిలోవాట్లును అంతకు మించియు లోడుగల నివాసభవనములను కూడ దాని పరిధిలోనికి తెచ్చిరి. ఈ నియమములు గోడలు, కిటికీలు, పంకాలు, చల్లదనపు యంత్రములు ఎంత కరెంటు వాడవలెనో నిర్ణయించును గాని, గ్యాసు పొయ్యిని మానుమని నిర్బంధింపవు. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము “గో ఎలక్ట్రిక్” అను ప్రచారమును ప్రారంభించినది. ఆ సభలోనే కేంద్రమంత్రి నితిన్ గడ్కరీగారు గ్యాసునకిచ్చు సాయమును విద్యుత్తు పొయ్యిలకు ఏల ఇయ్యరాదని ప్రశ్నించిరి. 2023లో ఇరువది లక్షల ఇండక్షన్ పొయ్యిలను చౌకగా పంచుటకు ఒక జాతీయ కార్యక్రమము ప్రకటింపబడినది. 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకము వచ్చినది. ఇంటికప్పుమీద సూర్యఫలకములు పెట్టుకొన్నవారికి ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడును అంతకు మించినను 78 వేల రూపాయల సాయమును నిర్ణయించిరి.

ఇది ఒక ప్రక్క. మరియొక ప్రక్క అదే ప్రభుత్వములు గ్యాసు గొట్టములను వీధులలో పాతించుచున్నవి. హైదరాబాదున ఇండ్లకు గొట్టముల ద్వారా సహజవాయువును సరఫరా చేయు కంపెనీ ప్రభుత్వరంగ సంస్థల భాగస్వామ్యముననే ఏర్పడినది. తెలంగాణ ప్రభుత్వము 2024 ఫిబ్రవరి 27వ తేదీన ఒకే దినమున రెండు పథకములను ప్రారంభించినది. ఒకటి మహాలక్ష్మి పథకములో భాగముగా అర్హులకు 500 రూపాయలకు గ్యాసు బండ. రెండవది గృహజ్యోతి పేర అర్హులకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితవిద్యుత్తు. రెండును పేదయింటికి మేలు చేయునవే. కాని ఈ రెండు మేళ్లు కలిసినచోట పొయ్యి మార్పునకు ఎట్టి అడ్డు పుట్టినదో లెక్కవేసి చూపెదను. ఈ లెక్కను మీరు చేతివ్రేళ్లమీద సరిచూచుకొనవచ్చును.

ఇంటి బండలో 14.2 కిలోల గ్యాసుండును. దానిలోని వేడి సుమారు 180 యూనిట్ల విద్యుత్తునకు సమానము. గ్యాసు పొయ్యిపై దానిలో మూడింట రెండు వంతులే పాత్రకు చేరును. తక్కినది గాలిలో పోవును. ఇండక్షన్ పొయ్యిలో నూటికి 85 వంతులు పాత్రకు చేరును. కావున ఒక బండ చేయు పనిని సుమారు 140 యూనిట్లు చేయును. నెలన్నరకు ఒక బండ వాడు కుటుంబమునకు నెలకు 93 యూనిట్లు అదనముగా కావలెను.

ఇప్పుడు చిక్కడపల్లిలో నెలకు 150 యూనిట్లు వాడు ఒక పేదకుటుంబమును ఊహింపుడు. గృహజ్యోతి వలన వారి బిల్లు సున్న. బండకు 500 గనుక నెలకు గ్యాసు ఖర్చు 333 రూపాయలు. వారు గ్యాసు మాని విద్యుత్తు పొయ్యి పెట్టిరనుకొందము. వాడుక 243 యూనిట్లగును. 200 దాటిన నెలలో ఉచితము పోయి మొత్తము బిల్లు కట్టవలెను. 2022లో నిర్ణయించిన ధరల ప్రకారము మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల వంతున 1020 రూపాయలు, తక్కిన 43 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల వంతున 331 రూపాయలు, వెరసి 1351. స్థిరరుసుములు దీనికి అదనము. 333 రూపాయలు మిగిల్చి 1351 రూపాయలు కట్టు గృహస్థుడు ఎవ్వడు? అతనిని అజ్ఞానియందుమా? అతడు లెక్క తెలిసినవాడు గనుకనే మారుట లేదు.

సాయము లేని మధ్యతరగతివారి లెక్కయు అంతంతమాత్రమే. 2025 ఏప్రిలులో ధర పెరిగిన పిదప బండ వెల సుమారు 900 రూపాయలైనది, అనగా నెలకు 600. ఇదివరకే 250 యూనిట్లు వాడువారికి అదనపు 93 యూనిట్లకు 770 రూపాయలు మించును. వాడుక పెరిగినకొలది రేటు పెరుగు పద్ధతి పొదుపును నేర్పుటకు పెట్టినది. అదియే నేడు పొయ్యి మార్పునకు జరిమానాగా పరిణమించినది.

ఇంకొక లెక్క కలదు. దీనిని విద్యుత్తును పొగడువారు సాధారణముగ చెప్పరు. ఒక బండ గ్యాసు కాలిన సుమారు 42 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మన దేశపు విద్యుత్తులో నేటికిని అధికభాగము బొగ్గునుండి వచ్చునది. ఒక యూనిట్టునకు సగటున ఏడువందల గ్రాముల వాయువు వెలువడును. 140 యూనిట్లకు సుమారు నూరు కిలోలు. అనగా అశోక్‌నగరు వంటయింటిలో పొగ లేకుండ చేసి, అంతకు రెండింతలు మించిన వాయువును రామగుండములోను, కొత్తగూడెములోను, దామరచర్ల కడ యాదాద్రి కేంద్రములోను ఆకాశమునకు పంపిన వారమగుదుము. ఆ పొగగొట్టముల క్రింద నున్నవి గ్రామములే. బూడిద పడునది మీ చేలమీదనే. పట్టణము తన పొగను పల్లెకు పంపి శుభ్రమైతినని చెప్పుకొనుట న్యాయము కాదు. కావున పొయ్యితోపాటు, ఆ పొయ్యికి వచ్చు కరెంటు పుట్టుక కూడ మారవలెను.

ఇతర దేశముల అనుభవము మనకు పాఠము. హాలండు దేశమున 2018 జూలైనుండి క్రొత్త యిండ్లకు గ్యాసు కనెక్షను ఇచ్చుట సాధారణముగ మానిరి. అమెరికాలో బర్క్లీ పట్టణమువారు 2019లో క్రొత్త భవనములలో గ్యాసు గొట్టములను నిషేధించిరి. హోటళ్లవారు వ్యాజ్యము వేసిరి. 2023లో పై న్యాయస్థానము ఆ నిషేధము చెల్లదనెను. 2024లో పట్టణమువారు దానిని రద్దుచేసిరి. దక్షిణ అమెరికాలోని ఈక్వడారు దేశము 2014లో ముప్పది లక్షల ఇండ్లకు ఇండక్షన్ పొయ్యిలను చేర్చవలెనని పూనుకొని, వంటకు నెలకు 80 యూనిట్లు ఉచితముగ ఇచ్చెను. అయినను గ్యాసు మిక్కిలి చౌకగ దొరకుచుండుటచే ఆ సంకల్పము సగము కూడ నెరవేరలేదు. నేపాళమున 2015లో సరిహద్దు మూతపడి గ్యాసు రాకపోయినప్పుడు కాఠ్మాండూ వాసులు విద్యుత్తు పొయ్యిలకై దుకాణములమీద పడిరి. అప్పుడచ్చట దినమునకు గంటలకొలది కరెంటు లేదు. దాహమైనప్పుడు బావి త్రవ్వుట యనగా ఇదియే. నిషేధము మాత్రము చాలదు, ఉచితము మాత్రమును చాలదు, ఆపత్సమయమున పరుగెత్తుటయు ప్రయోజనము కాదు అని ఈ నాలుగు కథలవలన తేలుచున్నది.

అయిన మన ప్రభుత్వము చేయదగినదేమి? నా బుద్ధికి తోచినంత చెప్పెదను. అన్నిటిని ఒకేసారి మార్చబూనక, ఎక్కడ మార్పు వెంటనే మేలు చేయునో అక్కడ మొదలుపెట్టవలెను.

మొదటిది డీజిలు జనరేటరు. లీటరు డీజిలునకు మూడు, మూడున్నర యూనిట్లకంటె ఎక్కువ రాదు. యూనిట్టునకు పాతిక రూపాయలు మించును. పొగ పడకగది కిటికీలోనికే వచ్చును. దాని స్థానమున బ్యాటరీయు, మేడకప్పున సూర్యఫలకములును పెట్టిన, లిఫ్టునకును నీళ్ల మోటారునకును సరిపోవును. అపార్టుమెంట్ల సంఘములకు ఉమ్మడి అవసరముల కొరకు కిలోవాటుకు 18 వేల రూపాయల సాయము సూర్యఘర్ పథకమునందే కలదు. ఈ సంగతి నారాయణగూడలో ఎన్ని మేడలవారికి తెలియును?

రెండవది హోటళ్ల బొగ్గు పొయ్యిలు. బొంబాయి ఉన్నతన్యాయస్థానము 2025 జనవరిలో ఆ నగరపు రొట్టెల బట్టీలవారు కట్టెను, బొగ్గును మాని ఆరు నెలలలో శుభ్రమైన ఇంధనమునకు మారవలెనని ఆజ్ఞాపించినది. మనకును అట్టి గడువు అవసరమే. కాని గడువుతోపాటు తక్కువ వడ్డీకి అప్పు కూడ ఇయ్యవలెను. లేకున్న చిన్న చాయి దుకాణము మూతబడి పెద్ద హోటలు మాత్రము మిగులును.

మూడవది వేడినీళ్లు. ఎండతో నీళ్లు కాచు యంత్రమునకు బొగ్గును అక్కరలేదు, మీటరును తిరుగదు. వందమంది పిల్లలుండు వసతిగృహమునకు దీనిని నిర్బంధము చేసినను తప్పులేదు.

నాలుగవది, తుదకు, ఇంటి పొయ్యి. ఇచ్చట నిర్బంధము వలదు. బండకిచ్చు సాయమును కోరినవారికి మీటరునకు మార్చిన చాలును. 900 రూపాయల బండను 500లకిచ్చునప్పుడు ప్రభుత్వము భరించునది 400. ఆ 400లను 140 యూనిట్లకు పంచిన యూనిట్టునకు సుమారు మూడు రూపాయలగును. బండను స్వయముగ వదలుకొన్న కుటుంబమునకు గృహజ్యోతి హద్దును 200లనుండి 300లకు జరుపుటకు ఈ సొమ్ము చాలవరకు ఉపకరించును. ఈ స్వల్ప సవరణ లేనంతకాలము పొయ్యిలు పంచినను అవి అటకమీదనే యుండును. అయితే దీనికి ముందు తీగెల పరీక్ష జరుగవలెను. మంజూరైన లోడు పెంచుటకు రుసుము తీసివేసి, పేటపేటకు ఉద్యోగులను పంపి పాత తీగెలను పరీక్షింపజేయవలెను. ట్రాన్స్‌ఫార్మరులను ముందుగనే పెంచవలెను. ఉదయము ఆరింటికి ఇడ్లీ, రాత్రి ఎనిమిదింటికి అన్నము అందరును ఒక్కమారే వండుదురు, అప్పుడు సూర్యుడుండడు. పగటి సూర్యశక్తిని రాత్రికి దాచు బ్యాటరీలు లేక ఈ పని పూర్తికాదు.

వంట రుచిని గూర్చి ఒక మాట. మంటమీద కాల్చిన వంకాయ పచ్చడియు, నిప్పులమీద పొంగిన జొన్నరొట్టెయు ఇండక్షన్ పొయ్యిమీద రావు. అడుగు చదునుగానుండి ఇనుము గల పాత్రలే దానికి పనికివచ్చును. మన అల్యూమినియము గిన్నెలు, రాగి చెంబులు పనికిరావు. కావున ఇంటిలో చిన్న బండ యొకటి మిగులుట తప్పు కాదు. కరెంటు పోయిన దినమున అదియే ఆదుకొనును. పదింట ఎనిమిది వంటలు మారినను దేశమునకు గొప్ప లాభమే.

గ్రామపెద్దలారా, మీరు చేయదగిన పనియు కలదు. ఈ మారు అశోక్‌నగరునకు పోయినప్పుడు అద్దె ఎంతయని మాత్రమే అడిగి రాకుడు. ఇంటి తీగెలను ఎప్పుడు మార్చిరి? షార్టు అయినప్పుడు కరెంటును తనంతట తెగగొట్టు పరికరము మీటరు కడ ఉన్నదా? గదినుండి వెలికి రెండవ దారి ఉన్నదా? మెస్సులో బండలు మెట్లక్రింద పెట్టిరా, గాలి తగులు చోట పెట్టిరా? అని అడుగుడు. ఒక తండ్రి అడిగిన యజమాని నవ్వవచ్చును. పదిమంది తండ్రులు అడిగి, జవాబు చాలక బిడ్డను వేరొక యింటికి మార్చిన నవ్వడు. శాసనము చేరని సందులోనికి గిరాకి చేరును.

మీ గ్రామమున పంచాయతీ కార్యాలయము, బడి, అంగన్వాడీ కప్పులు ఖాళీగానే యున్నవి. వానిమీద సూర్యఫలకములు పెట్టించుటకు తీర్మానము చేయుడు. పట్టణము తన పొగను మీమీదికి త్రోయకుండవలెనన్నచో, కరెంటు పుట్టుకను మార్చు పనిలో పల్లెయే ముందు నిలువవలెను. భూమియు, ఎండయు పట్టణముకంటె మీకే యెక్కువ.

గ్యాసు ఇంకను దొరకుచున్నది, బొగ్గు ఇంకను త్రవ్వుచున్నారు, తొందర ఏమని కొందరందురు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పిరి. ఓడ రాని దినమున, తీగె కాలిన దినమున చేయబూనిన మార్పు భయముతో చేయునదగును. నేడు చేయు మార్పు లెక్కతో చేయునదగును. ఆ లెక్కను పాలకులచేత సరిగా వేయించుట మన విధి.